పిల్లి గోరు – దయాధర్మము

బసవేశ్వరుని బోధలో సకల ప్రాణులయందలి దయకు గల స్థానమును వీరశైవ గృహములలో పసివారు సైతము ఎరుగుదురు. కుక్కచేత వేదము చదివించిన భక్తుని కథను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పినాడు. కథ విని సంతోషించుట సులభము. ఆ దయ ఇంటి సొమ్మునకు నష్టము తెచ్చు జీవిపై కూడ నిలుచునా అన్నదే కష్టమైన ప్రశ్న.

లింగాయత కుటుంబముల బిడ్డలు కొందరు అమెరికాలో కాపురముండి పిల్లులను పెంచుచున్నారు. పల్లెలోని పిల్లి పగలంతయు గోడలు దూకి, పొద్దుగూకిన పిదప పాలగిన్నెను వెదకికొనుచు వచ్చును. వేపచెట్టు బెరడే దానికి గోళ్లు గీచుకొను చోటు. అచ్చటి పిల్లి తలుపులు మూసిన ఇంటనే పెరుగును. చెట్టు లేదు గనుక సోఫాను గీకును. ఖరీదు పెట్టి కొన్న సోఫా చీలికలైనప్పుడు ఇంటివారికి కోపము వచ్చుట సహజమే. అట్టివారికి ఆ దేశమున చిరకాలముగా చెప్పబడిన ఉపాయము, శస్త్రచికిత్సతో పిల్లి గోళ్లు తీయించివేయుట.

గోళ్లు తీయుట అన్న మాటయే మోసకరమైనది. మంగలి గోరు తీసినట్టిది కాదిది. పిల్లి గోరు వ్రేలి చివరి ఎముకనుండి పెరుగును. అది మరల రాకుండవలెనన్న ఆ ఎముకనే కీలు వద్ద ఖండింపవలెను. ముందు పాదములు రెంటికి వ్రేళ్లు పది; పదింటి చివరి కణుపులును పోవును. పిల్లి మడమ మోపక వ్రేళ్లమీద నడచు జంతువు. కనుక వేసిన ప్రతి అడుగు తెగిన చోటనే పడును. కొన్నిటికి నొప్పి ఏండ్ల తరబడి నిలుచును. కొన్ని ఇసుకతొట్టిలో కాలిడనొల్లక ఇల్లంతయు పాడుచేయును. గోరు పోయిన పిదప పంటికి పని చెప్పునవి కూడ కలవు. సోఫా దక్కినదని సంతోషించిన గృహస్థుడు చేతికి కట్టు కట్టుకొనవలసి వచ్చును.

1987లో ఐరోపా దేశములు పెంపుడు జంతువుల రక్షణకై చేసికొన్న ఒడంబడిక, చికిత్సావసరమున తప్ప, దీనిని నిషేధించినది. అమెరికా రాష్ట్రములలో మొదట నిషేధించినది న్యూయార్కు, 2019లో. గోళ్లు తీయించిన పిల్లినే తెండని అద్దెకున్నవారిని నిర్బంధించుట కాలిఫోర్నియాలో 2013 నుండి చెల్లదు. అయినను ఆ దేశమున అన్ని రాష్ట్రములలోను నిషేధము లేదు. చట్టము అడ్డురాని చోట చేయవచ్చునా అన్నది న్యాయస్థానము తేల్చు విషయము కాదు.

స్థావరము నశించునదనియు, జంగమము నిలుచునదనియు శరణుల దృష్టి. పూజ్యుడైన జంగమునితో పిల్లిని పోల్చుట ఇచ్చటి ఉద్దేశము కాదు. అట్లు తలచినవారు మన్నింతురు గాక. అయినను సోఫా స్థావరమే, పిల్లి కదలు ప్రాణియే. కదలని దానిని కాపాడుటకు కదలు దానిని ఖండించుట ఆ దృష్టిని తలక్రిందులు చేయుటయే. ఒక ఆక్షేపణ వినవచ్చును: "గోళ్లు తీయింపకున్న పిల్లిని వీధిపాలు చేయవలసి వచ్చును, దానికన్న ఇది మేలు కాదా?" వీధిపాలు చేయునదెవరు? ఆ పలుకు పలుకువారే. రెండు క్రూరకర్మలను తామే కల్పించి, చిన్నదానిని ఎన్నుకొని దయ యనుట తగదు. మూడవ మార్గము లేనప్పుడు కదా ఆ వాదము నిలుచుట.

ఆ మార్గము కలదు. పిల్లి కక్షతో గీకదు. పాతబడిన గోటి పొరను రాల్చుకొనుటకును, ఒడలు సాచుకొనుటకును, పాదములలోని వాసనను ముద్రగా విడుచుటకును గీకును. వడ్రంగికి ఉలి యెట్టిదో దానికి గోరట్టిది. పని మాన్పుట సాధ్యము కాదు, పనిచోటు మార్పవచ్చును. మూడడుగుల ఎత్తు దుంగకు కిత్తనార త్రాడు బిగియ చుట్టి, ఊగని పీటపై నిలుపవలెను. ఊగెనా, పిల్లి మరల దాని మొగము చూడదు. దానిని ఎవరికి కనబడని మూలను కాక, గీకుచున్న సోఫా ప్రక్కనే ఉంచవలెను. పండుకొను చోటు దగ్గర మరొకటి ఉన్న మేలు, లేచిన వెంటనే ఒడలు విరుచుకొనుట దానికి అలవాటు గనుక. అచ్చట గీకినప్పుడెల్ల ఇష్టమైన తిండి కొంచెము పెట్టవలెను. సోఫా అంచులకు రెండు ప్రక్కల అంటుకొను టేపు అతికించిన, ఆ జిగురు పిల్లికి గిట్టదు. కొట్టుట, కేకలు వేయుట వ్యర్థము. యజమాని లేని వేళ గీకుట నేర్చుకొనును, అంతే.

రెండు మూడు వారములకొకసారి గోటి కొనను మాత్రము కత్తిరింపవచ్చును. లోపల గులాబి రంగున కనబడు రక్తనాళమును తాకరాదు. గోళ్లకు జిగురుతో తొడుగు మెత్తని ప్లాస్టిక్ తొడుగులు కూడ దొరకును. అవి నాలుగైదు వారములలో ఊడును, మరల తొడుగవలెను. కొన్ని పిల్లులు నిలువు దుంగను ముట్టక నేలమీది తివాచీనే గీకును. అట్టివానికి దుంగను అడ్డముగా పరుండబెట్టి చూడవలెను. అలవాటు మారుటకు కొన్ని వారములు పట్టును. ఆలోపల సోఫా మూల మరికొంత చిరుగును. దానిపై పాత దుప్పటి ఒకటి కప్పుకొనవచ్చును.