విశాఖ పోతున్న బిడ్డకు

నాదర్‌గుల్

బిడ్డా,

పరీక్షలు కాగానే దోస్తులతో కలిసి విశాఖ పోతున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం, పోయి రా. నువ్వు పంపిన జాబితా చదివాను. కైలాసగిరి, రుషికొండ, యారాడ, భీమిలి, అరకు, సింహాచలం, అన్నీ మూడు రోజుల్లోనే. ఎక్కడా కాలు నిలవదు. సగం కొట్టేయండి.

నీకు తెలిసిన సంగతే ఒకటి గుర్తు చేస్తాను. ఆదివారం వస్తే మన ఊళ్లో మిగిలిన పొలాల గట్ల మీదికి పట్నం కార్లు వస్తాయి. నాట్లేస్తున్న ఆడవాళ్లను మాటమాత్రం అడగకుండా ఫోన్లలో తీస్తారు, సీసాలు ఒడ్డున పారేసి పోతారు. నువ్వే వాళ్ల మీదికి కొట్లాటకు పోతే నేను వెనక్కి లాక్కొచ్చాను. విశాఖలో ఆ కార్లు దిగేది మీరు. సముద్రం మీకు సెలవు, అక్కడివాళ్లకు పని.

పోయేది మే నెలలో కదా, ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలన్నీ కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవలకు వేట నిషేధం. పడవలు ఊరికే పడి ఉన్నాయనుకోవద్దు. ఇంజన్లు విప్పేది, రంగులేసేది, చినిగిన వలలు బాగుచేసేది ఈ రోజుల్లోనే. వేట లేని ఇంట్లో రాబడి ఉండదు. 2023 నవంబరులో ఒక రాత్రి ఇదే హార్బర్‌లో నిప్పంటుకొని పదుల సంఖ్యలో పడవలు కాలిపోయాయి. ఒక పడవ పోతే దాని మీద బతికే ఇళ్లెన్నో ఆలోచించు. వల ముందేసుకొని, కాలి బొటనవేలికి దారం తగిలించి ముడులేస్తున్న పెద్దాయన కనిపిస్తే ముందు నమస్తే పెట్టు. కూర్చోవచ్చా తాతా అని అడుగు. మాట్లాడితే విను, పని మీదుంటే లేచి వచ్చేయి. ఫొటో ఆయన సరేనంటేనే. ఎండుచేపల తట్ట దించిన అమ్మతో పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడొద్దు. పెద్ద హోటల్లో బిల్లు ఎంతంటే అంత ఇచ్చి వస్తారు కదా మీరు.

ఆర్.కె. బీచ్‌లో కురుసుర జలాంతర్గామిని మాత్రం తొందరపడకుండా చూడండి. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది, 2002లో మ్యూజియం అయింది. ఒక గది నుంచి ఇంకో గదికి నడుం వంచి గుండ్రటి తలుపులోంచి దూరాలి. ఆ ఇరుకులో డెబ్బై మందికి పైగా ఎండ మొహం చూడకుండా రోజుల తరబడి బతికారు. దాన్ని చూపించేవాళ్లలో నౌకాదళంలో చేసి రిటైరైనవాళ్లు ఉంటారు. వాళ్లు చెబుతున్నంతసేపు ఫోన్ జేబులో ఉండాలి.

గాజువాక వైపు పోతే ఉక్కు కర్మాగారం కనిపిస్తుంది. 1966లో దానికోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. అరవైకి పైగా ఊళ్లు భూములిచ్చాయి. రింగురోడ్డుకు భూములు పోయిన ఇళ్లు మన చుట్టుపక్కలే ఉన్నాయి, కాబట్టి ఆ మాట బరువు నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో ఈత నేర్చినవాణ్ని, నాకేమవుతుందని నువ్వనుకోవద్దు. చెరువు నీళ్లు నిలిచి ఉంటాయి, సముద్రం లోపలికి లాగుతుంది. మన వైపు పిల్లలు అక్కడ కొట్టుకుపోయారని ఎన్నిసార్లు పేపర్లో చదివామో. పైకి అలలు తక్కువగా, నీళ్లు నెమ్మదిగా కనిపించే చోటే ఒక్కోసారి కింద లాగుడు ఎక్కువ. హెచ్చరిక బోర్డు ఉన్నచోట దిగొద్దు. ఒడ్డున జాలరి కుర్రవాడు వద్దంటే, నీకంటే చిన్నవాడైనా సరే, వద్దు. ఒకవేళ లాగితే ఒడ్డుకేసి ఎదురీదకు, చేతులు అలిసిపోతాయి. ఒడ్డు వెంబడి పక్కకు ఈదు, లాగుడు తగ్గాక ఒడ్డుకు తిరుగు. దోస్తు కొట్టుకుపోతుంటే వెనకే దూకకు. కేకలేసి లైఫ్‌గార్డులను పిలువు, తాడో ట్యూబో దొరికింది విసురు. చీకటి పడ్డాక, తాగినవాళ్లు మీలో ఒక్కరున్నా సరే, ఎవరూ నీళ్లలోకి పోవద్దు.

మీలో ఈత రానివాళ్లెవరో రైలెక్కకముందే అడిగి తెలుసుకో. దిగగానే అమ్మకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాయన