తలపై చేయి

పెద్దలకు నమస్కరించి వంగినపుడు వారి కుడిచేయి మన శిరస్సుపై నిలుచును. ఆ సమయమున వారు పలుకు ఆశీర్వచనము ఒక్కొక్కప్పుడు చెవికి సరిగా అందదు. వృద్ధుల స్వరము సన్నగిలి యుండును. పెండ్లియింట మేళతాళముల సందడి యుండును. అయినను మనకు లోటు తోచదు. చేయి తగిలినది, అంతే చాలును. ఆ తాకిడిలో నున్న అర్థము ఎక్కడిది? చేతిలో నున్నదా, చేయి ఉంచిన వాని మనస్సులో నున్నదా, వంగిన వాని విశ్వాసములో నున్నదా? ఇది చిన్న ప్రశ్న వలె తోచును గాని, నమ్మి చెడిన వానిని అడిగినచో చిన్నది కాదని చెప్పును.

మన కోనసీమ వేదమునకు పేరుగన్న సీమ. ఇక్కడి ఘనపాఠులు పిన్న వటువులకు కృష్ణయజుర్వేదము సంత చెప్పు విధానమున చేతికి, తలకు గల సంబంధము చూడదగినది. అనుదాత్తము వచ్చినపుడు శిష్యుని తల క్రిందికి వంగవలెను, స్వరితమునకు పైకి లేవవలెను, ఉదాత్తమునకు నిశ్చలముగ నుండవలెను. పిల్లవానికి అది పట్టుబడువరకు గురువు తన చేతితోనే ఆ తలను వంచును, ఎత్తును. ఆ వయస్సున వానికి మంత్రార్థము తెలియదు. స్వరము మాత్రము శరీరములోనికి దిగును. స్వరము తప్పుటచేత ‘ఇంద్రశత్రు’ శబ్దమునకు అర్థము తారుమారై, ఇంద్రుని చంపుటకై పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే చచ్చెనన్న కథ వేదాధ్యయనపరులందరికి తెలిసినదే. కనుక ఆ గురుహస్తము వట్టి అలంకారము కాదు. శిష్యుని తప్పునకు తానును బాధ్యుడనని గురువు ఒప్పుకొనుట అందులో నున్నది.

వివాహమున వధూవరులు సుముహూర్తమునకు ఒకరి తలపై నొకరు జీలకఱ్ఱ బెల్లము ఉంచుకొందురు. అదియు తలపై చేయియే. బిడ్డ తలపై చేయి ఉంచి ఒట్టు వేయుటయు మన యిండ్లలో నున్నదే. కోవెలలో అర్చకస్వామి శఠారిని ఒక్క క్షణము మన శిరస్సుపై ఉంచును. అది స్వామి పాదమే యని మన నమ్మకము. చిత్రమేమనగా, ఇంతటి పవిత్రమైన దానిని మన తెలుగువారు మోసమునకు పేరు చేసినారు. అప్పు ఎగవేసిన వానిని ‘శఠగోపము పెట్టినాడు’ అందురు. అంతటితో ఆగలేదు. చేయి అందించినవాడు ఆదుకొనినవాడు. చేయి ఇచ్చినవాడు నడిసంద్రమున విడిచినవాడు. చేతులెత్తి మ్రొక్కుట భక్తి. చేతులెత్తివేయుట బాధ్యత నుండి తప్పుకొనుట. భాషను తీర్చినవారు వేదాంతులు కారు, అనుభవము గల గృహస్థులు. హస్తము ఒకటియే యైనను అది రెండు వైపుల పదును గల దని వారు ఏనాడో కనిపెట్టినారు.

ఆ రెండవ పదునునకు పురాణములలో భస్మాసురుని కంటె మంచి సాక్ష్యము లేదు. భాగవతమున దశమస్కంధములో వీని పేరు వృకాసురుడు. అక్కడ విష్ణువు వటువై వచ్చి, మాటలతోనే వానిచేత తన తలపై తానే చేయి పెట్టించును. మన యక్షగానములలోను, వీధినాటకములలోను ఆ పని చేయునది మోహిని, మాట మూలమున గాక నాట్యము మూలమున. ఆమె పట్టిన హస్తమునెల్ల అసురుడు పట్టును. ఆమె తలపై చేయి ఉంచగనే తానును ఉంచును. నాకు ఈ జానపదుల కల్పనయే లోతైనదిగ తోచును. భరతుడు నాట్యశాస్త్రమున అసంయుత హస్తములు 24 అనియు, సంయుత హస్తములు 13 అనియు లెక్కించినాడు. ఏ హస్తమునకు ఏది అర్థమో తెలిసి పట్టినపుడే అది అభినయము. అసురుడు ఆకారమును మాత్రమే అనుకరించెను. లోన భావము లేని హస్తము వట్టిది కాలేదు. వానిని బూడిద చేసినది.

అట్లనినచో మోహిని చేసినది మాత్రము సత్యమా యని శంక రావచ్చును. ఆత్రేయపురము మండలమందలి ర్యాలిలో ఒకే శిలకు ముందు కేశవస్వామి, వెనుక జగన్మోహిని. వరమిచ్చు చేయి, భ్రమింపజేయు చేయి ఒక్క రాతిలోనే యున్నవి. శిల్పి దీనిని మరుగుపరచలేదు. ప్రదక్షిణము చేసిన ప్రతివాడును రెండింటిని చూచి తీరవలసినదే. నా మట్టుకు నాకు, ఆ శంకను పూర్తిగ తీర్చుట కంటె దానిని మనస్సున ఉంచుకొని మ్రొక్కుటయే మేలనిపించినది.

ఇక అభయము మాట. తిరుమలలో శ్రీనివాసుని కుడిచేయి తన పాదములను చూపుచుండును, ఎడమచేయి నడుము దాపున నుండును. నన్నాశ్రయించిన వారికి సంసారసాగరము నడుము లోతే యని దాని భావముగ పెద్దలు చెప్పుదురు. మన నగరమునకు దాపుననే, మామిడికుదురు మండలములోనే, అప్పనపల్లి బాలబాలాజీ కొలువై యున్నాడు. ఆయనను దర్శించువారిలో ఈ భావము నెరుగనివారు అరుదు. అయినను 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున నగరములో గ్యాసు గొట్టము ప్రేలి ఇరవైమందికి పైగా మరణించినారు. ఇండ్లు కాలినవి, కొబ్బరిచెట్లు నిలువున మాడినవి. ఆనాడు ఆ అభయహస్తమెక్కడ నున్నదని అడిగినవారిని నాస్తికులని త్రోసివేయుట నాకు న్యాయముగ తోచదు. అది భక్తుడు మాత్రమే అడుగగల ప్రశ్న. దానికి నావద్ద సిద్ధమైన సమాధానము లేదు.

నాకు తెలిసినది ఒక్కటి మాత్రమున్నది. చావు జరిగిన యింటికి పరామర్శకు వెళ్ళినపుడు మనవారు నమస్కారము చేయరు. సెలవు తీసికొనుచు ‘వెళ్ళివత్తును’ అనరు. వచ్చి కూర్చుండుట, కొంతసేపునకు లేచి మౌనముగ పోవుట. ఎల్లప్పుడు చేయు సంజ్ఞను అక్కడ మానుటయే సంజ్ఞ. ఇక ఆ యింటి పిల్లలు ఎదుటికి వచ్చినపుడు మాట రాదు. చేయి తనంతట తానే వారి తలపైకి పోవును. ఆ క్షణమున పెట్టిన చేయి ఏ భాషలోను వ్రాయని పత్రము వంటిది. నేనున్నానని అది చెప్పినది, పిల్లవాడు వినినాడు. పెద్దకర్మ ముగిసి, చుట్టములు ఎవరి దారిన వారు పోయిన తరువాత, బడులు తెరచు దినమున ఆ గడపలోనికి మరల వచ్చినవారెవరో ఆ పిల్లవానికి జ్ఞాపకముండును.