ఫిరంగికి పేరిచ్చిన చదువు

టొరంటో విశ్వవిద్యాలయంలో హార్ట్ హౌస్‌ని ఆనుకుని సోల్జర్స్ టవర్ ఉంది. అక్కడి రాతిగోడ మీద మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయిన 628 మంది పేర్లు చెక్కారు. ఒక్కో పేరూ చదువుతూ మధ్యలో ఆగిపోయాను. వీళ్ళలో ఎంతమంది ఇప్పుడు నా క్లాసులో కూర్చునే పిల్లల వయసువాళ్ళో!

1916లో ఈ విశ్వవిద్యాలయం పేరు మీద 67వ (వర్సిటీ) ఫిరంగి బ్యాటరీ ఏర్పడింది. కింగ్‌స్టన్‌లోని క్వీన్స్, మాంట్రియల్‌లోని మెగిల్ విశ్వవిద్యాలయాలు కూడా ఇలాగే బ్యాటరీలకి తమ పేర్లిచ్చాయి. ఫిరంగిదళానికి చదువుకున్న కుర్రాళ్ళు బాగా పనికొస్తారు. దూరం, కోణం, గాలివాటం లెక్కకట్టాలి కదా! గుండు ఎక్కడో మైళ్ళ అవతల పడుతుంది. ఎవరు చచ్చిపోయారో పేల్చినవాడికి చాలాసార్లు కనిపించదు. లెక్క తప్పకపోతే చాలు. ప్రశ్నించడం నేర్పాల్సిన చోటు, ఎదుటి మనిషి మొహం చూడనక్కర్లేని ఈ లెక్కకి తన పేరెలా ఇచ్చింది?

మరి ఆడవాళ్ళు? 1884 నుంచీ వాళ్ళక్కడ చదువుతూనే ఉన్నారు. కట్టడం పూర్తికాకముందే సైనిక శిక్షణకి వాడుకున్న హార్ట్ హౌస్‌ని 1919లో ప్రారంభించారు. అందులో స్త్రీలకి సభ్యత్వం దొరకడానికి మాత్రం 1972 దాకా ఆగాల్సి వచ్చింది. 1917లో కెనడా ప్రభుత్వం సైనికుల తల్లులకీ, భార్యలకీ, అక్కచెల్లెళ్ళకీ, కూతుళ్ళకీ ఓటిచ్చింది. నిర్బంధ సైనికసేవని బలపరిచే ఓట్లు కావాలి దానికి. అంటే కొడుకుని పంపిన తల్లి పౌరురాలు. పంపనన్న తల్లి కాదు. ఆ మరుసటి ఏడు ఓటుహక్కు విస్తరించినా చాలామంది ఆదివాసీ స్త్రీలూ, ఆసియా మూలాలున్న స్త్రీలూ బయటే మిగిలిపోయారు.

1989లో కెనడా సైన్యంలో పోరాట విభాగాలు స్త్రీలకి తెరుచుకున్నాయి. 2006 మే 17న ఆఫ్ఘనిస్తాన్‌లో ఫిరంగిదళ అధికారి కెప్టెన్ నికోలా గొడార్డ్ చనిపోయింది. పోరులో మరణించిన తొలి కెనడా మహిళా సైనికురాలిగా ఆమెని చెప్పుకుంటారు. మన దేశంలోనూ 2023లో ఫిరంగిదళంలోకి తొలిసారి అయిదుగురు స్త్రీలు అధికారులుగా వచ్చారు. ఆ వార్త చదివి సంతోషపడ్డాను. ఆ సంతోషం చూసుకుని నాకే ఇబ్బంది కలిగింది.

ఆడదానివి కనుక రావద్దనడం అన్యాయం. ఇందులో నాకు సందేహం లేదు. కానీ గుమ్మం తెరుచుకున్నంత మాత్రాన లోపల జరిగే పని న్యాయమైపోదు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. రెండూ అనాల్సిందే. మొదటిది అనడం మనకి బాగానే అలవాటైంది. రెండోది అంటే, సాధించుకున్నదాన్ని చిన్నబుచ్చుతున్నామేమోనని జంకుతున్నాం.

యుద్ధానికి వెళ్ళే హక్కుని ఎంత గట్టిగా అడుగుతున్నామో, వద్దనే హక్కునీ అంత గట్టిగానే అడగాలి. 1917లో ఓటు దక్కనిది ఆ 'వద్దు'కే.