నిండునెలకు తొందరెవరిది?

నొప్పులు రావడానికి ఆముదం తాపడం మంచిదా చెడ్డదా అని చదువుకునే పిల్లలు నన్ను అడుగుతుంటారు. నర్సమ్మలు అది మూఢనమ్మకం అంటారు. పాతకాలం మీద కొత్తగా ప్రేమ పుట్టినవాళ్లు అది మన పూర్వీకుల విజ్ఞానం అంటారు. ఇద్దరూ మందు గురించే మాట్లాడతారు. ఆ మందు ఎవరు అడిగారు, ఎవరు కాచి ఇచ్చారు, ఎందుకంత తొందరపడ్డారు అని మాత్రం ఎవరూ అడగరు. మా అవ్వ మాదిగ మంత్రసాని. ఆమెను చూసి పెరిగిన నాకు మందు కంటే ఆ తొందరే పెద్ద ప్రశ్న.

మాది ఆలూరు. 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉన్న తాలూకా. అందుకే మా మాటలో కన్నడం కలుస్తుంది. మంత్రసానిని సూలగిత్తి అనేవాళ్లూ ఉన్నారు. కొన్ని ఊర్లలో ఈ పని మంగలి ఆడవాళ్లది. మా దగ్గర మాదిగ గేరిది. దినాలు దాటినా నొప్పులు రాకపోతే, వచ్చిన నొప్పులు ఆగిపోతే అవ్వ దగ్గర కొన్ని ఉపాయాలుండేవి. వెచ్చటి ఆముదం. శొంఠి, మిరియాలు, జీలకర్ర దంచి కాచిన కషాయం. నడుము మీద వేడినీళ్లు. ఉత్తరేణి వేరు తెచ్చి నడుముకు కట్టేది, బిడ్డ పడగానే విప్పేసేది. జడ విప్పించేది. ఇంట్లో పెట్టెల మూతలు తీయించేది. వీటిలో ఏది కడుపు మీద పనిచేసేదో, ఏది భయం మీద పనిచేసేదో ఆమె విడదీసి చెప్పలేదు.

ఆముదం సంగతి ఉత్త నమ్మకం కాదు. అందులోని రిసినోలిక్ ఆమ్లం పేగులనూ గర్భసంచినీ రెండింటినీ ఎట్లా కదిలిస్తుందో 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద చూపించారు. అయితే పనిచేసేదంతా మేలు చేసేది కాదు. విరేచనాలు పట్టుకొని తల్లి ఒంట్లో నీరు పోతుంది. నొప్పులు అదుపు తప్పొచ్చు. ముందు కాన్పు ఆపరేషనైన మనిషికి గర్భసంచి మీది పాత కోత పిగిలి ప్రాణం మీదికే రావచ్చు. డాక్టరు చూడకుండా ఇంట్లో తాపే మందు కాదు అది. అవ్వ కూడా నెలలు నిండనిదే ఇచ్చేది కాదు. కడుపు తడిమి, తల కిందికి దిగిందో లేదో చూసుకునేది. బిడ్డ అడ్డం తిరిగి ఉంటే, "నా చేతిలో లేదు, ఆదోనికో బళ్లారికో బండి కట్టండి" అనేది. ఆ చెయ్యి నేర్చుకున్న చదువు అది. దానికి పేరు లేదు, పట్టా లేదు.

ఆమెను పిలిచే ఇండ్లు రెండు రకాలు.

పెద్దిండ్లలో తొందర నక్షత్రానిది. అమావాస్య వచ్చేలోపల కావాల, మూల నక్షత్రం పడకముందే కావాల అని వాకిట్లో మగవాళ్లు పంచాంగం పట్టుకొని కూర్చునేవాళ్లు. లోపల అవ్వ ఆ తల్లి నెత్తురు కడిగేది, బొడ్డు కోసేది, మాయ పూడ్చేది. ఆ ఇంటి ఆడమనిషి కడుపు లోపలిదాకా పోయిన చెయ్యి, ఆ ఇంటి నీళ్లకుండను మాత్రం తాకరాదు. బిడ్డకు నీళ్లు పోసినాక పెరటిదోవన బయటికి. ఆమె నడిచిన చోట పసుపునీళ్లు. కూలి చేటెడు జొన్నలు, ఒక పాతచీర. మగబిడ్డ పుడితే వాళ్ల దేవుడి దయ. బిడ్డ దక్కకపోతే మాదానిది పాడు చెయ్యి.

మా గేరిలో తొందర వేరు. అది సుగ్గి తొందర. వానలు తప్పిన ఏడాది సంక్రాంతి ముందూ వెనకా మా పక్క జనం గుంటూరు దిక్కు మిరపకాయ కోతకు లారీలెక్కుతారు. ముందుగానే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తిని ఉంటారు. నా చిన్నతనంలో ఒక కరువేడాది, ఇంకా నెల నిండని ఒక పిల్ల అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది.

"అవ్వా, ఏదన్నా తాపు. ఈ వారంలో అయిపోతే బిడ్డనెత్తుకొని పోతా. లేకుంటే చేన్లోనే కనాల."

"నెల నిండలేదు పాపా. ఇప్పుడు తాపితే ఇద్దరికీ చేటు. నేనియ్యను."

అవ్వ ఇయ్యలేదు. ఆ పిల్ల లారీ ఎక్కింది. ఆడ చేని గట్టున, పరదా కింద కన్నది. చుట్టూ ముఖం తెలిసిన ఆడమనిషి లేదు. బిడ్డ దక్కలేదు. సుగ్గి నుంచి తిరిగొచ్చిన జనం, "ముసల్ది మందిచ్చి ఉంటే ఇంటికాడే అయ్యేది గదా" అన్నారు. మరో ఏడాది ఇంకొకామెకు దినాలు నిండినాయి గనక ఇచ్చింది. కాన్పు చక్కగా అయింది. ఆ బాలింత ఎనిమిది దినాల బిడ్డను చంకనేసుకొని అదే లారీ ఎక్కింది. ఆ ఏడాది అవ్వను అందరూ మెచ్చుకున్నారు. అవ్వ మాత్రం మెచ్చుకోలుకు మురవలేదు. "నేను దాన్ని కూలికి తయారుచేసి పంపిస్తి" అనింది.

ఇందులో ధర్మం ఏది? ఇయ్యడమా, ఇయ్యకపోవడమా? చాలా ఏండ్లు ఆలోచించినాక నాకు అర్థమైంది ఇది. ఆ ప్రశ్న అవ్వను అడగాల్సిన ప్రశ్నే కాదు. అడ్వాన్సు ఇచ్చిన మేస్త్రిని అడగాలి. కోత ఆలస్యమైతే ఒప్పుకోని ఆసామిని అడగాలి. పనికి పోకుంటే తిండి లేకుండా చేసిన ప్రభుత్వాన్ని అడగాలి. వీళ్లెవరూ జవాబు చెప్పకుండా, ఒక చదువురాని మాదిగ ముసలామె చేతిలో ఆముదం గిన్నె పెట్టి, న్యాయం నువ్వే చెప్పు అన్నారు. ఏది చేసినా తప్పు ఆమెదే అయ్యేటట్టు.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సౌకర్యాల బిల్లును బలపరిచాడు. కాన్పుకు ముందూ వెనకా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు, ఆ భారం ప్రభుత్వం కూడా మోయాలి అని వాదించాడు. మరుసటి ఏడు అది చట్టమైంది. అది ఫ్యాక్టరీ ఆడవాళ్లకు. దేశమంతటికీ 1961లో ప్రసూతి చట్టం వచ్చింది. 2017లో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. మంచిదే. సుగ్గి లారీలో ఆ సెలవు ఎక్కదు. అదే 2017లో మొదలైన మాతృవందన పథకం మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, అదీ విడతలుగా ఇచ్చింది. ఆ డబ్బుతో ఎన్ని దినాలు కూర్చొని తినొచ్చో కూలి చేసినవాళ్లకు లెక్క తెలుసు.

మంత్రసానుల కాలం పోయింది గదా అంటారు. నేను కూడా పోవాలనే అంటాను. 2005లో 108 బండ్లు, జనని సురక్ష వచ్చినాక మా గేరిలో కాన్పులు ఆసుపత్రికి మారినాయి. బతికిన తల్లులున్నారు. వాళ్లను చూసి ఎవడన్నా మళ్లీ పాత చేటను మా ఆడవాళ్ల చేతికిచ్చి, ఇది మీ సంస్కృతి అంటే ఒప్పుకోను. అయితే అదే ఏడు వచ్చిన ఆశా ఉద్యోగానికి ఎనిమిదో తరగతి చదువు అడిగారు. బడి గడప తొక్కనియ్యని అవ్వలు అట్లా తమ పనికే పనికిరాని వాళ్లయ్యారు. అనంతపురం సరిహద్దు దాటితే పావగడ. అక్కడి సూలగిత్తి నరసమ్మకు 2018లో పద్మశ్రీ ఇచ్చారు. వేల కాన్పులు చేసిన చెయ్యికి దండం. ఒక చెయ్యికి పతకం ఇచ్చి, మిగతా వేల చేతులకు కూలి బాకీ ఎగ్గొట్టడం మాత్రం గౌరవం కాదు.

ఆసుపత్రికి పోయినా తొందర పోలేదు. నొప్పులకు సూది ఉంది, అది ప్రాణం కాపాడే మందే. కానీ డ్యూటీ మారేలోపల అయిపోవాలని సూది వేసినప్పుడు, ముహూర్తం చూసి కడుపు కోసినప్పుడు, అది పెద్దింటి పంచాంగం కొత్త బట్టలు కట్టుకొని రావడమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్లు. తెలంగాణలో నూటికి 60 దాటాయి. జనం మొత్తం మీద చూస్తే ఆపరేషన్లు నూటికి 10 దాటినాక, ఆ పెరుగుదలతో తల్లీబిడ్డల చావులు తగ్గినట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవ్వ మందిస్తే అనాగరికం. తెల్లకోటు తొందరపెడితే వైద్యం. మా ఆడపిల్ల నొప్పులకు అరిస్తే తొడ మీద కొట్టి నోర్ముయ్యమన్న ఆసుపత్రిని నేను చూశాను. అక్కడ నీళ్లకుండ లేదు, అంటు మాత్రం ఉంది.

కాబట్టి మిత్రులారా, ఆముదం పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు నా జవాబు, ముందు ఆ గిన్నె పట్టుకొచ్చినవాళ్లను అడగండి, ఎందుకు తొందర అని. తల్లికో బిడ్డకో అపాయముంటే డాక్టరు తొందరపడాలి, ఆ తొందరకు కారణం తల్లికి అర్థమయ్యేటట్టు చెప్పాలి. తక్కిన తొందరలన్నీ ఎవరో ఒకరి లాభానికే. నెల నిండేదాకా పని మానుకొని, కడుపునిండా తిని, తన ఇంట్లో తాను కూర్చోవడం పెద్దిండ్ల ఆడవాళ్లకు ఆచారం. మా ఆడవాళ్లకు అది ఇంకా కొట్లాడి తెచ్చుకోవాల్సిన హక్కు. సుగ్గికి పోని దినాల కూలి నిండునెల తల్లి చేతిలో పెట్టండి. అప్పుడు మందు సంగతి మాట్లాడదాం.