పొగ ఎవరి ఖాతాలో?

పదిహేనేళ్లకు దగ్గరపడిన డీజిల్ కారుకు జబ్బులు ఒక్కొక్కటిగా రావు. సర్వీసుకిస్తే మెకానిక్ ఓ చీటీ చేతిలో పెడతాడు. టైమింగ్ బెల్టు, ముందు బ్రేక్ ప్యాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, ఏసీ కంప్రెసర్, సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు. చేతిలో ఉన్న డబ్బు అందులో సగానికి కూడా చాలదు. డబ్బున్నవాడు అన్నీ ఒకేసారి చేయించేస్తాడు, లేదా బండే మార్చేస్తాడు. మనబోటివాళ్లం వరస పెట్టుకోవాలి. ఆ వరసలోనే మనిషి బయటపడతాడేమోనని నా అనుమానం.

టైమింగ్ బెల్టు దగ్గర ఎవరూ తటపటాయించరు. అది చెప్పి తెగదు. తెగిందంటే పిస్టన్లు పైకొచ్చి, తెరుచుకుని ఉన్న వాల్వుల్ని గుద్దుతాయి. ఇక హెడ్డు దించాల్సిందే. బ్రేకులదీ అంతే, అక్కడ ప్రాణభయం ఉంది. ఏసీ సంగతి ఒంటికి తెలుస్తుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్లో ఇరుక్కున్నవాడికి ఎక్కడో ఒకచోట అప్పు పుట్టి తీరుతుంది. నాజిళ్లు మాత్రం ఎప్పుడూ చీటీ అడుగుకే జారతాయి. ఎందుకంటే అవి పాడైనా బండి నడుస్తుంది. పొద్దున్నే స్టార్టవడానికి కాసేపు మొరాయిస్తుంది, పికప్ తగ్గుతుంది, మైలేజీ కాస్త పడిపోతుంది. మిగతాదంతా పొగ. అది వెనక్కి పోతుంది. నడిపేవాడి ముక్కుకి తగలదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు మార్చి తొక్కితే, వెనక స్కూటీ మీద వస్తున్నావిడ చున్నీని ముక్కు మీదకు లాక్కోవడం అద్దంలో కనిపిస్తుంది. ఆవిడ కాళ్ల దగ్గర నిలబడ్డ పిల్లవాడికి చున్నీ కూడా ఉండదు.

బండి జబ్బుల్లో కొన్ని సొంతదారుణ్ణి బాధపెడతాయి, కొన్ని దారినపోయేవాళ్లని. మొదటిరకానికి డబ్బు ఎలాగోలా సర్దుబాటవుతుంది. రెండోరకం వచ్చే నెలకి వాయిదా పడుతుంది. ‘డబ్బుల్లేవు’ అన్న మాట అబద్ధం కాదు. కాకపోతే ఆ లేమిని ఎవరి మీదకు నెడుతున్నామో ఆ మాటలో ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లోనే డీజిల్ పొగను క్యాన్సర్ తెచ్చేవాటిలో మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు ఉన్నదీ ఆ వర్గంలోనే. సిగరెట్ తాగేవాణ్ణి బస్సులోంచి దింపేసే మనం, ఆ బస్సు వదిలే పొగను మాత్రం వాతావరణంలో భాగంగా ఒప్పేసుకున్నాం.

ఆటోనగర్‌లో డీజిల్ పంపులూ నాజిళ్లూ బాగుచేసే షాపులో ఓసారి నిలబడి చూడండి. నాజిల్‌ని టెస్టర్‌కి బిగించి, కుర్రాడు చేత్తో లివర్ నొక్కుతాడు. గేజులో ముల్లు వంద బార్లు దాటి పైకి పోతుంది. మంచి నాజిలైతే కిర్రుమని చప్పుడు చేస్తూ డీజిల్‌ని మంచులా చిమ్ముతుంది, చివర తడి కూడా మిగలదు. పాడైనదైతే సన్నటి ధారగా పిచికారీ కొట్టి, కొసన ఒక చుక్క వేలాడుతుంది. ఆ చుక్కే నల్లపొగ. అంత లావు చుక్క పూర్తిగా కాలే వ్యవధి సిలిండర్లో ఉండదు, సగం మసై బయటికొస్తుంది. కుర్రాడు దాన్ని విప్పి, సూది తుడిచి, స్ప్రింగు దగ్గర పల్చటి షిమ్ము మార్చి మళ్లీ లివర్ నొక్కుతాడు. ‘టిప్పులు నాలుగూ మార్చేద్దాం సార్, రెండే మారిస్తే ఇంజన్ కుంటుద్ది’ అంటాడు. ఆ తుంపరంతా రోజల్లా పీల్చేది అతనే. ముక్కుకి గుడ్డ లేదు. మన పొగ తగ్గించే పని అతని ఊపిరితిత్తుల మీదుగా జరుగుతోంది. ఈ లెక్క ఏ చీటీలో రాయాలి?

ఈ మాత్రం రిపేరైనా పాత మెకానికల్ పంపు ఇంజన్లకే. 1998 చివర్లో వచ్చిన ఇండికా తరం బండ్ల డీజిల్ ఇంజన్లని పానాలతో, చెవితో, అనుభవంతో బాగుచేశారు. తర్వాత వచ్చిన కామన్ రైల్ ఇంజన్లలో ప్రెషరు వెయ్యి బార్లు దాటిపోయింది, ఇంజెక్టర్‌ని కంప్యూటర్ శాసిస్తుంది. పొగ తగ్గింది, నిజమే. దాంతోపాటు పేదవాడి చేతికి అందే రిపేరూ తగ్గింది. గాలికి మంచిదైన యంత్రం జేబుకి ఎందుకింత దూరమైందో ఇంజనీర్లని మాత్రమే అడిగితే సరిపోదు.

బౌద్ధ గ్రంథం మిలింద పన్హాలో నాగసేనుడనే భిక్షువు మిలింద రాజుని అడుగుతాడు: ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏదీ కాదని రాజే ఒప్పుకోవలసివస్తుంది. క్లచ్ ప్లేటు, రేడియేటరు, పంపు, టిప్పులు అన్నీ మారిన కారుని చూస్తే అదే ప్రశ్న. రవాణా శాఖకి ఈ ఇబ్బంది లేదు. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, రిజిస్ట్రేషన్ తేదీ ఉంటే చాలు. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మన దగ్గర పదిహేనేళ్లకి ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఆ ఫీజు 2022 ఏప్రిల్లో కార్లకి 600 నుంచి 5,000 రూపాయలకి పెరిగింది.

వయసు కాదు, పొగ చూడాలి అని వాదించాలనిపిస్తుంది. కానీ ఆ వాదనలో నాకు పూర్తి నమ్మకం లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేచోట డీజిల్ బండికి చూసేది పొగ ఎంత చిక్కగా ఉందన్నదే. బీఎస్4 ఉద్గార ప్రమాణాలకి ముందు బండ్లకి 65 యూనిట్ల దాకా పాసే. కంటికి కనపడని నైట్రోజన్ ఆక్సైడ్లు ఆ మిషన్‌కి చిక్కవు. నాజిళ్లు ఎంత బాగుచేయించినా పాత బండి, మసిని పట్టే ఫిల్టరున్న బీఎస్6 బండి కాలేదు. కాకపోతే, వారానికి రెండుసార్లు తల్లిని డయాలసిస్‌కి తీసుకెళ్లేవాడితో ‘అమ్మెయ్’ అనడానికి నాకు నోరు రాదు. వెనక వచ్చే పిల్లవాడితో ‘ఓర్చుకో’ అనడానికీ రాదు. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమన్నది ఎవరు?

స్క్రాప్ విధానం ప్రకారం పాత బండిని అప్పగించి కొత్తది కొంటే రోడ్డు ట్యాక్సులో 25 శాతం దాకా రాయితీ ఇవ్వొచ్చు. అంటే కొత్తది కొనగలిగినవాడికే సాయం. నాలుగు టిప్పులు మార్పించి, పొగ తగ్గిందని మిషన్ మీద రుజువు చూపించినవాడికి ఆ రెన్యువల్ ఫీజులో వెయ్యి రూపాయలైనా తగ్గిస్తే, నాజిళ్లు వచ్చే నెలకి వాయిదా పడకుండా ఉంటాయి కదా. ఆ వెయ్యిలోంచే షాపు కుర్రాడికి ఓ మాస్కూ కొనొచ్చు.