తలుపు వేయని గది

కళాసృష్టికి ఏకాంతము ప్రాణమని లోకమున ఒక మాట పాతుకొనియున్నది. చిత్రకారుడు గదిలో ప్రవేశించి గడియ వేసికొనవలెను. ఇంటివారు కాలి చప్పుడు కాకుండ నడువవలెను. బిడ్డ యేడ్చినచో ఎవరో యొకరు ఎత్తుకొని దూరముగ పోవలెను. ఆ ఎవరో యొకరు ఎవరు? తఱచుగ ఆ బిడ్డ తల్లియే. మఱి ఆ తల్లియే చిత్రకారిణి యైనచో ఆమె తలుపునకు ఏ వైపున నిలువవలెను? వినుటకు ఇది చిన్న ప్రశ్న. కాని దీని లోపల ఒక ధర్మసందేహము కలదు. చేతికి వచ్చిన విద్య యెడల మనుష్యునకు ఒక ఋణము కలదు. పెంచు బిడ్డల యెడల మఱియొక ఋణము కలదు. మొదటి దానిని తీర్చుటకై రెండవ దాని సొమ్ము వాడుకొనుట న్యాయమగునా?

ఇట్టి సందేహమును తర్కముతో తేల్చుట కంటె, దానిని ప్రతిదినము ఎదుర్కొనిన వారి జీవితములను పరికించుట మేలు. అట్టి వారిలో రూత్ అసావా ముఖ్యురాలు.

ఆమె 1926లో అమెరికా దేశమున కాలిఫోర్నియా రాష్ట్రములోని నార్వాక్ అను ఊర జన్మించెను. తల్లిదండ్రులు జపాను నుండి వలస వచ్చి కూరగాయల సేద్యము చేయుచుండిరి. బిడ్డలు ఏడుగురు. బడి విడిచిన పిమ్మట పొలము పని తప్పదు. గుఱ్ఱము లాగెడు చదును పనిముట్టు వెనుక కూర్చుండి, కాళ్లు వ్రేలాడవైచి, కాలివ్రేళ్లతో నేలపై వంపు గీతలు గీచుకొనుచు పోవుట ఆ బాలికకు వినోదము. 1942లో యుద్ధము పేరిట జపాను సంతతి వారిని నిర్బంధించిరి. తండ్రిని వేరుగ పట్టుకొనిపోయిరి. తల్లిని, బిడ్డలను శాంటా అనీటా గుఱ్ఱపు పందెముల మైదానమునకు తరలించి, గుఱ్ఱములు కట్టిన శాలలలోనే ఉంచిరి. తోడి నిర్బంధితులలో డిస్నీ సంస్థలో బొమ్మలు గీచిన వారుండిరి. వారి యొద్ద ఆమె రేఖాచిత్రణము నేర్చెను. పిదప మిల్వాకీ నగరమున ఉపాధ్యాయినిగ శిక్షణ పొందెను గాని, జపాను సంతతి అను కారణముచే బోధనాభ్యాసమునకు ఏ బడియు చోటీయలేదు. పట్టము చేతికి రాలేదు. బడులకు అప్పుడు కలిగిన నష్టము ఎంతయో ఇరువదియేండ్ల తరువాత గాని తెలియలేదు.

1946లో ఆమె ఉత్తర కరోలినాలోని బ్లాక్ మౌంటెన్ కళాశాలలో జోసెఫ్ ఆల్బర్స్ వద్ద శిష్యురాలయ్యెను. మఱుసటి యేడు వేసవిలో మెక్సికో దేశమున టొలూకా అను ఊరికి పోయినప్పుడు, అచ్చటి పనివారు ఇనుప తీగతో గ్రుడ్లు పెట్టుకొను బుట్టలల్లుట చూచి, ఆ అల్లిక నేర్చుకొనెను. ఒక కన్నులో నుండి మఱియొక కన్ను తీయుచు పోవుటయే ఆ విద్య. దానితోనే ఆమె పైకప్పు నుండి వ్రేలాడు శిల్పములను అల్లసాగెను. ఒక గోళము లోపల వేఱొక గోళము, దాని లోపల ఇంకొకటి. లోపలిది బయటికి కనబడును, వాటి నీడ గోడపై కదలును. 1949లో వాస్తుశిల్పి ఆల్బర్ట్ లేనియర్‌ను వివాహమాడి శాన్ ఫ్రాన్సిస్కోలో కాపురము పెట్టెను. భిన్నజాతుల వారి వివాహముపై కాలిఫోర్నియాలో ఉండిన నిషేధమును న్యాయస్థానము కొట్టివేసి అప్పటికి ఒక్క యేడే అయినది. 1950 నుండి 1959 వఱకు పుట్టిన ఆరుగురు బిడ్డలను వారు పెంచిరి. అందు ఇద్దరు పెంచుకొన్నవారు.

ఆరుగురు బిడ్డలున్న ఇంట శిల్పి యెక్కడ పనిచేయును? కూడము నందే. తీగ చుట్టలు నేలపై, బిడ్డలు వాటి నడుమ. ఇమోజెన్ కనింగ్‌హామ్ అను ప్రసిద్ధ ఛాయాచిత్రకారిణి 1957లో తీసిన చిత్రమొకటి కలదు. అందు అసావా తీగ అల్లుచుండగా బిడ్డలు చుట్టునుండి తమ తమ వ్యాపారములలో మునిగియున్నారు. ఎవరును బొమ్మ తీయించుకొనుటకు కుదురుగ కూర్చుండలేదు. ఆ చిత్రము తీసిన కనింగ్‌హామ్‌కు ఇందలి కష్టము తెలియనిది కాదు. ఆమె ముగ్గురు కుమారులను పెంచిన తల్లి. వారు చిన్నవారై ఇల్లు కదలుటకు వీలు లేని దినములలో పెరటి మొక్కలనే ఛాయాచిత్రములుగ తీసెను. 1925 నాటి ఆమె మాగ్నోలియా పువ్వు చిత్రమునకు నేడు ప్రపంచఖ్యాతి కలదు. ఇల్లు కదలలేకపోవుట వలననే ఆ పువ్వు ఆమెకు అంత దగ్గరగ కనబడెనేమో!

ఇక్కడ పాఠకులు ఒక విషయము గమనింపవలెను. అసావా తన కాలమును రెండు పాళ్లు చేసి, ఒకటి కళకు, ఒకటి బిడ్డలకు పంచియీయలేదు. అట్లు పంచిన యెడల రెండును చాలకపోయెడివి. ఎప్పుడైనను క్రింద పెట్టి, ఎప్పుడైనను చేతికెత్తుకొనదగిన పనిని ఆమె పట్టుకొనెను. తీగ యారిపోదు, చల్లారదు, పాడు కాదు. పాలు పొంగినచో కన్ను సగములో విడిచి పోవచ్చును. వచ్చి ఆ కన్ను నుండియే మరల అందుకొనవచ్చును. తాను పనిచేయుచుండగా బిడ్డలు ప్రక్కనే ఉండవలెనని ఆమె కోరుకొనెను. శిల్పము సేద్యము వంటిదని, విడువక చేయుచుండినచో చాల పని తెములునని కూడ ఆమె చెప్పియున్నది. రైతు బిడ్డ మాట అది. పొలమున బిడ్డను గట్టుపై కూర్చుండబెట్టి కలుపు తీయు తల్లిని, ‘నీకు ఏకాంతము లేదే, పైరెట్లు పండును?’ అని ఎవరును అడుగరు. కాయకమను మాట నెరిగిన పాఠకులకు దీనిని విప్పి చెప్పనక్కఱలేదు.

అయితే ఇంటి నడుమ పుట్టిన పనికి బయట దొరకిన గౌరవ మేమి? 1950లలో న్యూయార్కులోని పెరిడాట్ గ్యాలరీలో ఆమె శిల్పములు ప్రదర్శింపబడినప్పుడు, కొందరు విమర్శకులకు వాటిలో ఇల్లాలి చేతిపని మాత్రమే కనబడెను. పురుషుడు ఇనుమును అతికిన శిల్పము; స్త్రీ ఇనుమును అల్లిన బుట్ట! వస్తువును చూచి కాక, అది పుట్టిన గదిని చూచి వెల కట్టుట అవివేకము. ఆ వెల మారుటకు చాల కాలము పట్టెను. 2020లో అమెరికా తపాలా శాఖ ఆమె శిల్పములతో బిళ్లలు వెలువరించినది. 2025లో శాన్ ఫ్రాన్సిస్కో ఆధునిక కళా మ్యూజియము ఆమె జీవితకాలపు కృషినంతయు ఒకచోట చూపినది. ఆమె 2013లోనే కన్నుమూసెను.

అసావా తీగలోనే నిలిచిపోలేదు. ఎండిన ఎడారి మొక్కను ఒకదానిని 1962లో మిత్రులు తెచ్చి యిచ్చిరి. దానిని గీయబోయి చేతగాక, తీగల కట్టను మధ్యన బిగించి కొమ్మలు కొమ్మలుగ చీల్చి ఆ చిక్కును అర్థము చేసికొనెను. కాగితపు మడతలు, మట్టి, కంచు, పాలు పోసి యమ్ము అట్టపెట్టెలు, అన్నియు ఆమె చేతికి పనికివచ్చెను. ఇంటికి వచ్చిన వారి ముఖములకు అచ్చు తీసి, మట్టి ముఖములు చేసి గోడకు తగిలించెను. వాటిలో 233 ముఖములు నేడు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు మ్యూజియములో కలవు.

పలు పదార్థములను కలిపి చేయు మిశ్రమకళకును ఇంటికిని ఏదియో చుట్టరికమున్నట్లు తోచును. అదే 1926లో లాస్ ఏంజెలస్‌లో జన్మించిన బెటీ సార్ చరిత్ర చూచినను ఇదే తోచును. ఆమె నల్లజాతి స్త్రీ, ముగ్గురు కుమార్తెల తల్లి. బాల్యమున వాట్స్ ప్రాంతములోని అవ్వ యింటికి పోయినప్పుడెల్ల, సైమన్ రోడియా అను ఇటలీ కూలివాడు ఇనుప కడ్డీలు, సిమెంటు, పగిలిన సీసాలు, పెంకులు, గవ్వలు కూర్చి ఒంటరిగ కట్టుచుండిన గోపురములను చూచెను. తాను మొదట ఎనామెల్ నగలు చేసెను. బిడ్డలు పుట్టిన తరువాత రేకుపై గీచి ముద్రలు తీయు విద్య నేర్చెను. 1967లో పాసడీనా మ్యూజియములో జోసెఫ్ కార్నెల్ పెట్టెలను చూచినది మొదలు, ఆమె దృష్టి పాత వస్తువుల కూర్పుపై నిలిచెను. 1969లో ఒక పాత కొయ్య కిటికీని తెచ్చి, పై చిన్న అద్దములలో చంద్రుని, నక్షత్రములను, అస్థిపంజరమును, పూర్వుల గుర్తులను పొదిగి, క్రింది పెద్ద అద్దమున చేతులానించి నిలిచిన నల్లని బాలిక రూపమును ఉంచెను. ఆ కిటికీ నేడు న్యూయార్కు ఆధునిక కళా మ్యూజియములో ఉన్నది. ఆమె కుమార్తెలలో లెజ్లీ, ఆలిసన్ అను ఇద్దరు కళాకారిణులైరి. దీనిని సాక్ష్యముగ చూపి తల్లి చేసినది సరియే యనువారు కలరు. అది పొరపాటు. వారు గుమాస్తాలైనను తల్లి పని మంచిదో చెడ్డదో అదే యగును.

విఱిగిన వస్తువులతో చేయు కళ విఱిగిన కాలముతో కూడ చేయుటకు వీలగును. తల్లి దినము ముక్కలు ముక్కలుగ దొరకును: బిడ్డ నిద్రించిన అరగంట, బియ్యము ఉడికెడు కాలము, రాత్రి అందఱు పడుకొన్న పిదప మిగిలిన గడియలు. ముక్కలను కలిపి ఒక వస్తువు చేయుట యెరిగిన వారికి ఆ గడియలును ముడిసరకే.

దీనికి ఎదురు మాట లేకపోలేదు. అన్ని కళలును ఈ బేరమునకు ఒప్పుకొనవు. ఇంగ్లండు శిల్పి బార్బరా హెప్‌వర్త్ రాతిని చెక్కెడిది. 1934లో ఆమెకు ఒకే కాన్పున ముగ్గురు బిడ్డలు పుట్టిరి. అంతకు ముందే ఒక కుమారుడు కలడు. ఇల్లు చిన్నది, రాబడి కొంచెము. ముగ్గురు శిశువులను కొంతకాలము లండనులోని శిశుపోషణశాలలో ఉంచవలసివచ్చెను. ఇందుకై ఆమెను నిందించినవారు, ఆ బిడ్డల తండ్రియు చిత్రకారుడే యను సంగతి జ్ఞాపకము చేసికొనిరా? ఆయన పేరు బెన్ నికల్సన్. ఆయన బిడ్డల నెక్కడ విడిచి పనిచేసెనని చరిత్ర యెన్నడును అడుగలేదు. ఆ అడుగకపోవుట లోనే అన్యాయము దాగియున్నది.

కనుక అసావా ఓర్పును కొనియాడువారు ఒక అపాయమును గుర్తింపవలెను. ‘ఆరుగురిని పెంచుచు ఆమె చేయలేదా, నీవేల చేయవు?’ అని ఇంటింట తల్లులను అడుగుటకు ఆమె కథను ఆయుధము చేయుట తగదు. రాత్రి మేలుకొని పనిచేసిన తల్లిని మెచ్చుకొనుట సులభము. ఆ రాత్రి గిన్నెలు తోముటకు లేచుట కష్టము. ఋణములు రెండని మొదట అనుకొంటిమి. మూడవది కూడ కలదు. అది ఇంటిలోని తక్కినవారు ఆమెకు పడిన ఋణము. తన పనిని ముక్కల కాలములో ఇముడ్చుకొనుట ఆమె తెలివి. ఆమె కాలమును ముక్కలు చేయుట మాత్రము ఎవరి హక్కును కాదు. బిడ్డ పిలిచినప్పుడు పని విడిచిపోవుట ధర్మమే, కాని చొక్కా దొరకలేదని భర్త పిలిచినప్పుడు కాదు.

బిడ్డల సంగతి వేఱు. వారు పనికి అడ్డు వచ్చినవారు మాత్రమే కారని అసావా ఇంటి పిండిముద్ద చెప్పును. నాలుగు కప్పుల గోధుమపిండి, ఒక కప్పు ఉప్పు, ఒకటిన్నర కప్పు నీరు కలిపి చలిమిడి వలె పిసికి, బొమ్మలు చేసి, సన్నని సెగపై కాల్చినచో గట్టిపడును. పిల్లల చేతికి దెబ్బ తగులదు, ఖర్చు లేదు, నోట పెట్టుకొన్నను ఉప్పు తప్ప బాధ లేదు. ఆ పిండిని ఆమె 1968లో ఇరుగుపొరుగు తల్లితో కలసి ఆల్వరాడో ప్రాథమిక పాఠశాలకు తీసికొనిపోయెను. పూర్వము బోధనకు చోటీయని దేశమున, ఏ పట్టమును లేకయే పిల్లల యెదుట నిలిచెను. ఆ పని క్రమముగ నగరములోని అనేక బడులకు ప్రాకినది. 1982లో ఆమె కృషి వలన కళలకై ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఏర్పడినది. 2010లో దానికి ఆమె పేరే పెట్టిరి.

శాన్ ఫ్రాన్సిస్కో నడిబొడ్డున యూనియన్ స్క్వేర్ చెంత ఒక హోటలు మెట్ల నడుమ గుండ్రని జలయంత్రమొకటి చేయవలెనని ఆమెను కోరినప్పుడు, ఆమె అదే పిండిని కలిపెను. తన ఇంటివారిని, మిత్రులను, బడి పిల్లలను, వందమందికి పైగా మనుష్యులను పిలిచి, ఊరిలోని ఇండ్లను, వంతెనలను, వాహనములను, మనుష్యులను పిండితో చేయించి, వాటిని కంచున పోతపోయించెను. 41 పలకలు గల ఆ జలయంత్రము 1973లో నిలిచినది. 2013లో ఆ చోట క్రొత్త అంగడి కట్టదలచినవారి నమూనాలో జలయంత్రమునకు తావు లేదు. ఊరివారు ఊరకుండలేదు, నమూనా మారినది, జలయంత్రము నిలిచినది. నాడు పదియేండ్ల యీడున పిండి పిసికిన పిల్లలకు ఇప్పుడు అరువది దాటినవి. వారి వంకర ఇండ్లు, వారి పొట్టి మనుష్యులు ఆ మెట్ల నడుమ ఇంకను ఉన్నారు.