మాట తప్పిన చేతికి మొక్కు

కృష్ణా! ఆయుధం పట్టనని ఒకచోట మాటిచ్చావు, ఇంకోచోట పట్టావు. రెండూ ఒకే భారతంలో ఉన్నాయి. వ్యాసుడు దేన్నీ దాచలేదు.

ఉద్యోగపర్వంలో నువ్వు నిద్రలేచేసరికి తలాపున దుర్యోధనుడు, పాదాల చెంత అర్జునుడు. ఒకవైపు నారాయణులనే మహాసేన, మరోవైపు ఆయుధం దించేసి ఊరికే తోడుండే నువ్వొక్కడివి. అర్జునుడు ఆ వట్టి చేతులనే కోరుకున్నాడు. ఎంత తెలివైన కోరిక!

ఇక భీష్మపర్వం. మూడోనాటి యుద్ధంలో తాత భీష్ముడి బాణాలకు పాండవసేన చెల్లాచెదురవుతోంది. తాత ఎదుట మనవడి విల్లు మెత్తబడింది. అది చూసి నువ్వు పగ్గాలు వదిలేసి, సుదర్శనం పట్టి రథం మీంచి దూకావు. తొమ్మిదోనాడూ దూకావు, ఈసారి గుర్రాలను అదిలించే కొరడాతోనే! రెండుసార్లూ అర్జునుడు వెంటపడి పరుగెత్తి, నీ కాళ్లు చుట్టేసుకుని, పదో అడుగులో గాని నిన్ను ఆపలేకపోయాడు. లోకం నిన్ను అబద్ధాలకోరు అంటుందని బతిమాలాడు. ముల్లోకాలు మోసేవాడి పరువు కోసం ఒక మానవుడు పడిన ఆ ఆరాటం ఎంత ముద్దొస్తుంది!

గీతలోనూ అంతే కదా స్వామీ. తొమ్మిదో అధ్యాయంలో, నాకు అందరూ సమానులే, కానివాడూ లేడు, అయినవాడూ లేడు అన్నావు. పద్దెనిమిదికి వచ్చేసరికి, అర్జునా, నువ్వంటే నాకిష్టం అనేశావు. సమానంగా కాసే వెన్నెల ఒక్క వాకిట్లో ఆగి పేరు పెట్టి పిలిచినట్టుంది.

ఈ చిక్కుముడి విప్పింది పండితుడు కాదు, నువ్వు చంపబోయినవాడే. భాగవతం ప్రథమస్కంధంలో అంపశయ్య మీద పడుకుని, ఎదురుగా నిలబడిన నిన్ను చూస్తూ భీష్ముడు నువ్వు చక్రంతో దూకిన ఆ రోజునే తలుచుకున్నాడు. నీచేత ఆయుధం పట్టిస్తానన్న తన పంతం నెగ్గించడానికి నీ మాట నువ్వు వదులుకున్నావన్నాడు. మీదికి వస్తున్న చక్రంలో ఆయనకు కోపం కనబడలేదు, దయే కనబడింది. పెళ్లీ రాజ్యమూ వదులుకుని జీవితమంతా మాట మీద నిలబడ్డ మనిషికే, మాట తప్పడంలోని ప్రేమ తెలిసింది. పోతన ఆ ఘట్టాన్ని పద్యం చేశాక తరతరాల తెలుగు పిల్లలు దాన్ని కంఠస్థం చేశారు. అర్జునుడు భయపడ్డ నింద మా నోట స్తోత్రమైంది.

పురాణంలో రెండు మాటలు పొసగనిచోట పుస్తకం మూసెయ్యకండి. అక్కడ కాసేపు కూర్చోండి. ఉత్తరాయణం వచ్చాక, ప్రాణం విడిచే వేళ భీష్ముడు శరణు కోరింది, మాట తప్పి చక్రంతో పరుగెత్తుకొచ్చిన ఆ కృష్ణుణ్ణే.